అంటు అని రాసిన డ్రమ్ము

మా అత్తవారి ఊళ్ళో నన్ను చాలాకాలం వైద్యుడి కింద జమకట్టారు. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి "కుర్రాడు రబ్బరు కంపెనీలో కాంపౌండు చూస్తాడు" అని చెప్పాడట. ఆ మాట ఊరు చేరేసరికి రబ్బరూ కంపెనీ దారిలో రాలిపోయి కాంపౌండరు మిగిలాడు. ఎప్పుడు వెళ్ళినా అరుగు మీద ఎవరో ఒకరు నాలుక చాపుకుని కూర్చునేవారు. రబ్బరులో గంధకం, మసి, నూనె వేసి మిల్లు మీద పిండి పిసికినట్టు పిసకడాన్ని కాంపౌండింగ్ అంటారనీ, నాకు తెలిసింది అదొక్కటేననీ చెబితే, నాలుక లోపల పెట్టుకుని నిరాశగా వెళ్ళిపోయేవారు.

రబ్బరు ఉద్యోగంలో చేరే పిల్లలెవరైనా నా దగ్గరికి వస్తే ముందు ఈ సంగతే చెబుతాను. మీ పనేమిటో చుట్టాలకి అర్థం కాదు, బెంగపెట్టుకోకండి. నా సర్వీసు పొడుగునా నేనొక మాట అంటే ఎదుటివాళ్ళకి ఇంకో మాట వినబడుతూనే వచ్చింది. అలాంటి వాటిలో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో నీళ్ళకుండ కింద ఉంది. దాని కథే ఇది.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులు. అనకాపల్లి అప్పటికింకా జిల్లా కాలేదు. సెల్‌ఫోన్ ఉన్నవాడు దాన్ని చొక్కా జేబులో పైకి కనబడేలా పెట్టుకునేవాడు. ఊరి బయట చెరుకు పొలాల మధ్య మాది చిన్న చెప్పుల కంపెనీ. బెల్లం సీజనులో మా గేటు దగ్గర నిలబడితే ఒక ముక్కుపుటంలోకి బెల్లం వాసన, రెండో దాంట్లోకి గంధకం వాసన వచ్చేవి. ఇప్పుడు రెండూ కలిపి తలుచుకుంటే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. అప్పుడు మాత్రం రోజూ విసుక్కునేవాణ్ణి.

మా చెప్పుకి అడుగున నల్ల రబ్బరు సోలు, పైన రంగురంగుల ప్లాస్టిక్ పట్టీలు. ఈ రెంటినీ కలిపేది జిగురు. జిగురు పూసి అతికించేది ఆడవాళ్ళు. ఆ షెడ్డుకి పెద్ద ఒకావిడ ఉండేది. వయసులో నాకంటే చిన్నదే అయినా యజమానితో సహా అందరికీ ఆవిడ అక్క. భర్త చెరుకు లారీ మీంచి పడి నడుము విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆవిడ చేతి మీదనే. జిగురు పూశాక ఎప్పుడు అతికించాలో ఏ గడియారమూ చెప్పదు. అక్క వేలి వెనకవైపుతో తాకి చూసేది. వేలికి తగలాలి, కాని పట్టుకోకూడదు. ఆ అదను రాగానే "అడిగింది, ఎట్టీయండి" అని కేకేసేది. జిగురు అడుగుతుందన్న మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు గాని, తరవాత నా రిపోర్టుల్లో కూడా అదే రాయబోయి ఆగిన సందర్భాలున్నాయి.

ఆ ఏడు వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళకి సాయంత్రం చదువులు పెట్టారు. అక్క చేరింది. అంతకుముందు ఏ డ్రమ్ము వచ్చినా, ఏ బస్తా వచ్చినా స్టోరు గుమ్మం దగ్గరికెళ్ళి "ఇందులో ఏటుంది బాబూ?" అని అడిగి, స్టోరుకీపరు మొహం చిట్లించినా ఓర్చుకుని, తెలుసుకుని వచ్చేది. చదువు మొదలయ్యాక బస్సు బోర్డులు, బిస్కెట్టు పొట్లాలు, సున్నపురాయి పొడి బస్తాలు, కనబడిందల్లా పైకి చదివేది. "సూ...న్న...ము" అని కూడబలుక్కుని, పూర్తికాగానే చుట్టూ చూసి నవ్వేది. ఆ నవ్వు చూడ్డానికి నేను ఊరికే రెండు బస్తాలు ఆవిడ వైపు తిప్పించిన రోజులున్నాయి.

ఇక స్టోరుకీపరు. నాకు దూరపు వరసలో బావ. పొదుపరి. సరుకులోనే కాదు, అక్షరాల్లో కూడా. "జింక్ ఆక్సైడ్" అని రాయమంటే "జిం" అని రాసేవాడు. "పాత సోలు తుక్కు" అన్నది అతని చేతిలో "పాసోతు" అయింది. ఇదేమిటయ్యా అంటే, "సుద్దముక్కలు సెట్లకి కాత్తన్నాయేటి బావా?" అనేవాడు.

మా కష్టాలు వానాకాలంతో మొదలయ్యేవి. రబ్బరుకీ ప్లాస్టిక్కుకీ పడదు. మామూలు రబ్బరు జిగురు సోలుని పట్టుకుంటుంది, పట్టీని వదిలేస్తుంది. బజారులో ఖరీదైన జిగురు తెచ్చాం. కొన్నాళ్ళు బాగానే ఉండేది. తరవాత పట్టీలోపలి నూనె బయటికి ఊరి అతుకుని మెత్తబరిచేది. దానికి వాన తోడయితే చెప్పు ఒకచోట, పట్టీ ఒకచోట.

మా సరుకులో సగం కొనే షావుకారుకి నర్సీపట్నంలో కొట్టుండేది. గొలుగొండ వైపు సంతలన్నిటికీ ఆయనే చెప్పులు వేసేవాడు. కొండల్లో బురదలో, రాళ్ళ మీద నడిచేవాళ్ళు మా చెప్పుల్ని నమ్మి కొనేవారు. ఆయన ఒకరోజు గోనెసంచి మోసుకొచ్చి యజమాని గదిలో బోర్లించాడు. అన్నీ ఊడిన చెప్పులు.

"ఇయ్యేటి బాబూ? సెప్పులా, సెప్పు ముక్కలా? ఉప్మాక తీర్తానికెల్లినోల్లు పట్టీలు సేతిలో అట్టుకుని తిరిగొచ్చేరు. నా మొకాన ఇసరడమొకటే తక్కువ!"

యజమాని మంచివాడే గాని అలిసిపోయాడు. షావుకారు వెళ్ళాక నన్ను కూర్చోబెట్టి, "ఇక చాలండి. ఒకే అచ్చులో ప్లాస్టిక్ పోసి చెప్పు మొత్తం తీసే మెషినుంది. అతికించేదీ లేదు, ఊడేదీ లేదు" అన్నాడు. ఆ మెషినొస్తే జిగురు షెడ్డు మూసెయ్యాలి. అక్క పేరు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం ఆవిడ గురించే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు. చివరికి ఒక మాటకొచ్చాం. షావుకారు మళ్ళీ వచ్చే రోజుకి నేను పనికొచ్చే జిగురు చూపించాలి. లేకపోతే ఆ రోజే మెషినువాళ్ళకి సరేనని ఫోను.

ఈ ఒప్పందం ఫోనులో చెబితే షావుకారు ఇంకో మెలిక పెట్టాడు. "ముందే అతికించీసి సూపిత్తే నమ్మను. అలాటియి సానా సూసేను. నా కళ్ళముందల పూసి, నా కళ్ళముందల అతకాల."

కేరళలో నాతో చదువుకున్న మిత్రుడొకడు రబ్బరు పరిశోధనలో ఉండేవాడు. ఫోను చేసి నా గోడు వెళ్ళబోసుకుంటే, "మామూలు రబ్బరుతో కుస్తీ ఎందుకు? గ్రాఫ్టు చేసిన రబ్బరు పంపిస్తాను" అన్నాడు. చెట్టు నుంచి తీసిన రబ్బరు పాలు పాలుగా ఉండగానే, అందులో ప్లాస్టిక్ జాతి పదార్థం వేసి, రబ్బరు పోగులకి ప్లాస్టిక్ కొమ్మలు మొలిపిస్తారు. తల్లి రబ్బరే, కొమ్మ ప్లాస్టిక్. నాటు మామిడి మీద మంచి రకం అంటు కట్టినట్టు. రైలు పార్సిల్లో చిన్న దిమ్మ వచ్చింది. స్టోరులో దాన్ని విప్పుతూ బావకి ఈ అంటు సంగతంతా చెప్పాను.

వాడు తల పంకించి, "అయితే ఇది పెల్లికూతురోరికీ సుట్టమే, పెల్లికొడుకోరికీ సుట్టమే. మరింక తగువేటుంటాది?" అన్నాడు. గ్రాఫ్టింగ్ గురించి నేను తరవాత విన్న ఉపన్యాసాల్లో అంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. పొట్టిగా చెప్పడం బావకి పుట్టుకతో వచ్చిన విద్య. మమ్మల్ని ముంచబోయిందీ అదే.

అక్క అప్పుడు పనిలో లేదు. భర్తని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దిమ్మని మిల్లు మీద పల్చగా తీసి, ముక్కలు కోసి, టోలీన్ అనే ద్రావకంలో నానబెట్టి కర్రతో కలుపుతూ కూర్చున్నాను. వచ్చిందే కొంచెం కాబట్టి అంతా ఒకే చిన్న డ్రమ్ములో వేశాను. చిక్కగా, గంజిలా దిగింది. ఒక సోలు ముక్కకీ ఒక పట్టీ ముక్కకీ పూసి అతికించాను. ఆరాక ఒక కొస నేనూ ఒక కొస బావా పట్టుకుని లాగాం. రాలేదు. ఇద్దరం చెరో కాలు గోడకి తన్నిపెట్టి లాగాం. రాలేదు. బావ చెమట తుడుచుకుంటూ, "ఇది వదల్దు బావా, మన సంబందం లాటిదే" అన్నాడు. ఆ రోజు నేను ఇంటికి సైకిలు మీద పాడుకుంటూ వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. నేను పాడితే అందరికీ గుర్తుండిపోతుంది.

వెళ్ళే ముందు బావతో అన్నాను. "డ్రమ్ము మిల్లు వేడికి దూరంగా నీడలో పెట్టు. మీద 'అంటు కట్టిన రబ్బరు, ముట్టుకోవద్దు' అని రాయి." వాడు నీడ వెతికాడు. మా కంపెనీ మొత్తం మీద చల్లటి నీడ కుళాయి గట్టు దగ్గరుండేది. ఖాళీ డబ్బాలు, డ్రమ్ములు కడిగే చోటు అదే. సుద్దముక్క తీసి, రాసి, ఇంటికి పోయాడు.

మర్నాడంతా నాకు బజారు పనులే సరిపోయాయి. ఇక తెల్లారితే షావుకారు వస్తాడు. సాయంత్రం పెద్ద వాన పడింది. పొద్దున్నే నేను వెళ్ళేసరికి కుళాయి దగ్గర డ్రమ్ము లేదు. స్టోరులో లేదు, మిల్లు దగ్గర లేదు. అంతలో అక్క చీపురుతో ఎదురొచ్చింది. నిన్న మధ్యాహ్నమే విశాఖపట్నం నుంచి వచ్చి, నేను పనిమీద బజారుకెళ్ళిన వేళ షెడ్డులో అడుగుపెట్టిందట. షావుకారు వస్తున్నాడని విని వాకిలంతా శుభ్రం చేసింది.

"అక్కా, కుళాయి దగ్గర చిన్న డ్రమ్మొకటి ఉండాలి. చూసేవా?"

ఆవిడ మొహం వెలిగింది. "ఆ అంటు డ్రమ్మా బాబూ? పైన పొర కట్టీసి, ముక్కిపోయిన గమ్ము ఉండీది. ఎనక తుక్కు కుప్ప మీద బోర్లించీసేను. కారడం అయిపోతే ఇప్పుడు తోమీత్తాను."

"ఎవరు బోర్లించమన్నారు?"

"ఎవులూ సెప్పనేదు. దాని మీద రాసుంది గదా బాబూ, అంటు అని! నానే సదివేను. ఎవుల్నీ అడగనేదు."

మా ఇళ్ళలో తోమాల్సిన గిన్నెలు ఎక్కువుంటే అంట్లు, ఒక్కటే ఉంటే అంటు. గిన్నెలు కడిగే గట్టు మీద పెట్టి, అంటు అని రాసిన డ్రమ్ము. ఆవిడ వ్యాకరణంలో నాకు తప్పు దొరకలేదు. జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడగకుండా ఒక డ్రమ్ము మీది మాట చదివి, దాని ప్రకారం పని చేసింది. ఆ మాటే ఆవిడ షెడ్డుని మూయించబోతోంది. ఆ నవ్వు మొహం చూస్తూనే బావని కేకేశాను.

చెప్పింది బావ. పరిగెత్తుకొచ్చి, విని, నెత్తి బాదుకుని, "సదువు రానోల్లు సదివితే ఇంతే! ఇన్నాల్లూ వచ్చి అడిగీదానివి గదా, నిన్నేటొచ్చింది నీకు?" అన్నాడు.

అక్క చేతిలో చీపురు కింద పడింది. సంగతి మేం ముక్కలు ముక్కలుగా చెబుతుంటే అర్థమైంది. ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, "నాను సదవకపోయినా బాగుణ్ను బాబూ" అంది.

నాకు అప్పుడొచ్చిన కోపం బావ మీద తిరిగింది. "ఆవిడ ఉన్నది ఉన్నట్టే చదివింది. సగం రాసింది నువ్వు. మిగతా సగం ఏదీ?"

బావ నేల చూపులు చూస్తూ, "సుద్దముక్క అరిగిపోయింది బావా. కొత్తది తీడం ఎందుకని..." అన్నాడు.

గేటు దగ్గర హారను మోగింది. యజమానీ షావుకారూ ఒకే జీపులో దిగారు. దాచి లాభం లేదు. జిగురు నేలపాలయిందని చెప్పాను. ఎవరు పారబోశారని యజమాని అడిగితే, "పేరు సరిగ్గా రాయలేదు, పొరపాటు జరిగింది" అన్నంత వరకే చెప్పాను. షావుకారు నవ్వాడు. "మొన్న ఊడిపోయింది, నిన్న నేలపాలయింది. ఎల్లుండి ఎలుక తినీసిందంటారేటి?" యజమాని జేబులోంచి మెషినువాళ్ళ నంబరున్న కాగితం తీశాడు. ఫోను చెయ్యడానికి లోపలికి నడిచాడు. అడుగులు నెమ్మదిగా పడుతున్నాయి. ఆయనకీ ఆ ఫోను ఇష్టం లేదు.

అక్క మాత్రం పెరట్లోకి పరిగెత్తింది. డ్రమ్ము అడుగున కొంచెమైనా మిగిలి ఉంటుందని ఆశ. కత్తిరించి పారేసిన సోలు అంచులు, పట్టీ తునకలు అక్కడ కుప్పగా పడి ఉండేవి. బోర్లించిన డ్రమ్ము గాలికి దొర్లిపోకుండా దాని మీద పాత ఇనప అచ్చులు ఎత్తి పెట్టింది ఆవిడే. అవి దించి డ్రమ్ము ఎత్తబోయింది. ఒక్కదాని వల్ల కాలేదు. నేనూ ఒక చెయ్యి వేశాను. డ్రమ్ముతో పాటు కుప్ప కూడా లేచింది.

జిగురు డ్రమ్ము అంచు చుట్టూ కారి, అచ్చుల బరువుకి అణిగి, రబ్బరునీ ప్లాస్టిక్కునీ కలిపి చుట్టకుదురులా పట్టేసింది. ఎర్ర పట్టీలు, నీలం పట్టీలు, మధ్యలో నల్ల రబ్బరు. వాననీళ్ళు దాంట్లోంచి కారుతున్నాయి. అక్క ఒక పట్టీ కొస పట్టుకుని లాగింది. రాలేదు. నేను రెండు చేతులతో లాగాను. అంచు నుంచి కుదురు ఊడొచ్చింది గాని కుదురులో ఒక్క తునకా కదల్లేదు.

"బాబూ, ఇది అడిగినప్పుడు మనమెవులం నేం గదా. దానికదే అట్టీసుకుంది" అంది అక్క గుసగుసగా.

ఆ కుదురు పట్టుకుని, నీళ్ళు కారుతుండగానే, వరండాలోకి వెళ్ళాను. జీపెక్కబోతున్న షావుకారు ఆగాడు. నా చేతిలోంచి లాక్కుని, కింద పడేసి, ఒక కాలితో తొక్కిపెట్టి, పట్టీ కొస పట్టుకుని వెనక్కి వాలాడు. కొండ సంతల్లో బస్తాలు ఎత్తిన మనిషి. చర్రుమని శబ్దమైంది. పట్టీ చేతిలోకి వచ్చింది, దాంతో పాటే సోలు రబ్బరు పొర కూడా చీలి వచ్చింది. రబ్బరు చిరిగింది గాని అతుకు విడలేదు. మా వృత్తిలో జిగురుకి అంతకు మించిన సర్టిఫికెట్టు లేదు.

నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది ఎవులు అతికించేరు?"

అక్క ముందుకొచ్చింది. "అతికించనేదు బాబూ. పారబోసేను. నానే పారబోసేను."

షావుకారు ఆవిడ వైపు చూసి, చిరిగిన పొరని వేళ్ళతో తిప్పి చూసి, యజమానిని కేకేశాడు. "బాబూ, ఆ ఫోనాపండి! నాకు సూపిద్దారని సేసింది కాదు గదా ఇది. పారబోత్తే అతుక్కుంది, వానలో తడిసినా ఉంది. మరిందులో మోసమేటుంటాది? నాకిదే కావాల."

యజమాని రిసీవరు పెట్టేసిన చప్పుడు వరండాలోకి వినబడింది. అప్పుడు ఏడ్చింది అక్క. గట్టిగా, సిగ్గుపడకుండా. బావ వెళ్ళి చీపురు తీసి ఆవిడ చేతికివ్వబోయి, ఏమనుకున్నాడో, తనే వాకిలి ఊడ్చాడు.

ఆ తరవాత కేరళ నుంచి దిమ్మలు క్రమంగా వచ్చాయి. జిగురుతో ఆగలేదు. సోలు కాంపౌండులో కూడా ఆ అంటు రబ్బరు కొంచెం కలిపి చూశాను. సోలు బిగువొచ్చింది, రాళ్ళ మీద అరగడం తగ్గింది. దాని మీద నేనొక చిన్న వ్యాసం రాసి సెమినార్లో చదివాను. మొదటి పరీక్ష ఎలా చేశారని ఎవరో అడిగితే, తుక్కు కుప్ప సంగతి చెప్పలేక నీళ్ళు నమిలాను.

కష్టం ఇంకోచోట వచ్చింది. అక్క చదవడం మానేసింది. బస్తాలు ఆవిడ వైపు తిప్పి పెట్టినా చూసేది కాదు. మళ్ళీ స్టోరు గుమ్మం దగ్గరికెళ్ళి "ఇందులో ఏటుంది బాబూ?" అని అడగడం మొదలుపెట్టింది. అది వింటే నాకు ప్రాణం ఉసూరుమనేది. బావకి నాకంటే ఎక్కువైనట్టుంది. ఒకరోజు చూద్దును కదా, స్టోరులో ప్రతి డ్రమ్ము మీదా, ప్రతి బస్తా మీదా గుండ్రటి అక్షరాలతో పూర్తి పేర్లు. ఏ డబ్బాలో ఏముందో, దేనికి వాడాలో, కడగాలో కడగకూడదో కూడా రాశాడు. సుద్దముక్కల పెట్టె కొత్తది. అక్క వచ్చి "ఇందులో ఏటుంది?" అంటే వాడు కుర్చీలోంచి లేవకుండా, "నాకు కళ్ళు కనబళ్ళేదు. నువ్వే సదివి సెప్పు" అన్నాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని డ్రమ్ము దగ్గరికెళ్ళింది. తరవాత నెమ్మదిగా కూడబలుక్కుంది. బావ ఆ డ్రమ్ము మీద చాలానే రాసి ఉంచాడు. మొత్తం చదివేదాకా వదల్లేదు.

నేను రిటైరైన రోజు వరకూ ఆ షెడ్డు నడిచింది. ఇప్పుడక్కడ సిమెంటు గోడౌనుంది. అటువైపు వెళ్ళినప్పుడు గంధకం వాసన కోసం గాలి పీల్చి చూస్తాను, రాదు. ఆ కుదురు మాత్రం అన్నేళ్ళూ షెడ్డు గుమ్మం పక్కన మేకుకి వేలాడేది. కొత్త వ్యాపారి ఎవరొచ్చినా ఆడవాళ్ళు దాన్ని తీసి లాగమనేవారు.

నా ఆఖరి రోజున శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. బావ అప్పటికి రెండేళ్ళ కిందటే పోయాడు. అందరూ వెళ్ళాక అక్క పేపరులో చుట్టిన మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. మేకు మీది కుదురు. నల్ల రబ్బరు మీద తెల్లటి సుద్దతో, ఒక్క అక్షరం కూడా మిగుల్చుకోకుండా రాసింది. "అంటు కట్టిన రబ్బరు. కడగకూడదు."

"మీ బావగోరుంటే ఇంత సుద్ద కరుసు సెయ్యనిచ్చీవోరు కాదు బాబూ" అంది. ఇద్దరం నవ్వబోయాం. అక్షరాలు చెరక్కుండా కుదురుని మళ్ళీ పేపరులో చుట్టుకున్నాను.

మా ఆవిడకి జ్ఞాపకాల కంటే వస్తువుల ఉపయోగం ముఖ్యం. కుదురులా ఉంది కదాని దాని మీద నీళ్ళకుండ పెట్టింది. చెమ్మకి సుద్ద అక్షరాలు చివరి నుంచి ఒక్కొక్కటే చెరిగిపోయాయి. ఇప్పుడు 'అంటు' వరకే మిగిలింది. మా ఇంట్లో గిన్నెలు తోమడానికి వచ్చే అమ్మాయి పదో తరగతి చదివింది. ఆమెకి మాత్రం ముందే చెప్పి ఉంచాను.